ఇప్పపువ్వు నుండి ఇథనాలు వరకు

వసంతము ప్రవేశించి అడవి ఆకు రాల్చిన దినములలో, ఉట్నూరు, కెరమెరి, ఆసిఫాబాదు ప్రాంతముల గోండులును కొలాములును తెల్లవారకముందే ఇప్పచెట్ల క్రిందికి చేరి, ముందుగనే ఊడ్చి శుభ్రపఱచియుంచిన నేలపై రాత్రి రాలిన పూవులను గంపల కెత్తి వాకిళ్లలో ఎండబెట్టుట తరతరముల ఆచారము. కండగలిగి తియ్యగానుండు ఆ పూవు ఎండినకొలది ఎఱ్ఱబారి కిస్‌మిస్‌వలె ముడుతలు పడును. కఱవునాడు ఆహారమై, పండుగనాడు సారాయై అడవిజనులను ఆదుకొనిన యీ పూవు, ఒకానొక కాలమున మోటారుబండ్ల ఇంధనముగా లండనునగరమున విచారణకు వచ్చెను.

మొదటి ప్రపంచయుద్ధము పెట్రోలుకొఱతను కన్నులకు గట్టినట్లు చూపగా, మద్యసారముతో బండ్లు నడుపు విషయమును పరిశీలించుటకై బ్రిటిషు ప్రభుత్వము నియమించిన సంఘము 1919లో తన నివేదిక నిచ్చెను. ఎండిన ఇప్పపువ్వున నూటికి సుమారు 60 పాళ్లు పులియదగిన చక్కెర గలదనియు, టన్ను పూవునుండి 95 శాతపు మద్యసారము 90 గ్యాలనులు దిగుననియు, ఒత్తి మూటగట్టినచో చెడక చిరకాలము నిలుచుననియు, స్థానికపు సారాకు కావలసినది పోను నిజాము రాజ్యమందలి చెట్లే ఏటేట 7 లక్షల గ్యాలనుల కొలది మద్యసారము నీయగలవనియు అందు పేర్కొనబడెను. ఆదిలాబాదు అరణ్యములును, నాటి కరీంనగరపు మంథని, మహదేవపురము వైపు అడవులును ఆ ఇప్పసంపదకు పేరుపొందినవే. లండనులో కూర్చుండి మన చెట్ల సత్తువను అంత సూక్ష్మముగా గణించుట మెచ్చదగినదే. కాని ఏండ్లకేండ్లు పెరిగిన పిమ్మటగాని పూయని చెట్టుక్రింద, పూవుపూవునకు వంగి ఏరు ఆడువారి కూలి యెంత, ఆ పూవునకు ధర కట్టువా రెవరు అను ప్రశ్నలు గ్యాలనుల లెక్కలో ఇమడవు. పైగా సారాపై వచ్చు ఆబ్కారీ రాబడి నిజాము ఖజానాకు ముఖ్యాధారములలో నొకటి యగుటచే, అడవిలో పూవు ఏరినవానికి దానిని స్వేచ్ఛగా బట్టీకెక్కించు హక్కు లేకపోయెను.

ఇంధనమునకు వలసిన మద్యసారము ఊరిబట్టీలో దిగునది కాదు. ఎంత నేర్పుతో మామూలుగా కాచి దింపినను నూటికి నాలుగైదు పాళ్ల నీరు అందు మిగిలియే యుండును. ఆ నీరు పెట్రోలుతో కలియక టాంకి అడుగున వేఱుపడును గనుక, దానిని పూర్తిగా తొలగించు యంత్రసామగ్రి కావలెను. పెట్రోలు ఇచ్చు వేడిమిలో సుమారు మూడింట రెండు పాళ్లు మాత్రమే యిచ్చినను, ఇంజను కొట్టుకొనకుండ నిలుపుటలో మద్యసారము మేటి. నీటిని తొలగించు ఆ యంత్రములు కర్మాగారములకే సాధ్యము. కర్మాగారములకు అడవిపూవుకంటె చెఱకు గానుగలో మిగులు మడ్డి, అనగా మొలాసిస్, సులభముగా చిక్కునది. 1937లో బోధనులో నిజాము చక్కెర కర్మాగారము వెలసిన వెనుక ఇంధనచింతకు ఆధారము అడవినుండి చెఱకుపొలమునకు మఱలెను. 1948లో భారతప్రభుత్వము ఇంధనపు మద్యసారమునకై పవర్ ఆల్కహాల్ చట్టము చేసినను, ఆ పిదప ముడిచమురు చౌకగా దొరకిన ఏండ్లలో ఆ సంకల్పము మఱుగున పడెను. ఆవల బ్రెజిలు దేశము మాత్రము 1975లో చెఱకు మద్యసారమునే జాతీయకార్యముగా చేపట్టెను.

మనదేశమున 2003లో పెట్రోలులో 5 శాతపు ఇథనాలు, అనగా ఆ మద్యసారమునే, కలుపుటతో ఆ ప్రయత్నము మరల మొదలై, నేడు 20 శాతమునకు చేరెను. ఇప్పుడు ముడిసరకుగా చెఱకుతోపాటు నూకలును, మొక్కజొన్నలును పేర్కొనబడుచుండుటచే, వరిపంట సమృద్ధియైన కరీంనగరపు మండలములును, ఆదిలాబాదునుండి విడివడిన నిర్మల్ జిల్లాయు కర్మాగారములవారి దృష్టి కానెను. అయితే ఆ జిల్లాలోని దిలావర్‌పూరు వద్ద తలపెట్టిన ఇథనాలు కర్మాగారము తమ నీటిని, గాలిని, పొలములను చెఱచునని పరిసరగ్రామములవారు నెలలతరబడి మొఱపెట్టుకొని, తుదకు 2024 నవంబరులో నిర్మల్–భైంసా రహదారిపై బైఠాయింపగా, మఱునాడే పనులు నిలుపవలెనని అధికారులు ఉత్తరు విచ్చిరి. ఇంధనము స్వదేశమున పుట్టుట నాకు మిక్కిలి ఇష్టమైన విషయమే. ఐనను పొరుగువారి అంగీకారము ముందుగా పొందవలసిన పనిలో ఆ పొరుగువారే రోడ్డెక్కవలసి వచ్చుట నన్ను నొప్పించును. మఱొకవైపు, మెట్‌పల్లి చెంత ముత్యంపేట చక్కెర కర్మాగారము 2015 డిసెంబరులో మూతవడినప్పటినుండి, దానిని తెఱువుమని కోరుచు చెఱకురైతులు ఎదురుచూచుచున్నారు.