డౌన్ పేమెంటు దండిగా ఉంది, స్కోరే బాగాలేదు

"సగం డబ్బు నేనే కడతానంటున్నా కదా, ఇంకా నా పాత క్రెడిట్ కార్డు గొడవలు వాడికెందుకు గురూ?"

ఈ ఇరవయ్యేళ్లలో ఈ ప్రశ్న నేను చాలామంది నోట విన్నాను. 2001లోనో 2008లోనో ఉద్యోగం ఊడి, కార్డు బాకీ ఎగ్గొట్టినవాళ్లు కొందరు. ఊళ్లో పొలం అమ్మిన డబ్బు చేతిలో పెట్టుకుని, సిబిల్ 600 దగ్గర ఆగిపోయినవాళ్లు కొందరు. నిన్నగాక మొన్న హెచ్‌వన్ మీద దిగి, అసలు హిస్టరీయే లేనివాళ్లు ఇంకొందరు (లేకపోవడం వేరు, చెడిపోవడం వేరు. రెండిటినీ ఒకే గాటన కట్టేయడం బ్యాంకులకి అలవాటు).

పైకి చూస్తే ప్రశ్నలో న్యాయముంది. నేను కట్టకపోతే ఇల్లు అమ్ముకుంటాడు, వాడి డబ్బు వాడికి వచ్చేస్తుంది, ఇంక భయమెందుకు? నిజమే, వాడికి భయం లేదు. భయం ఎవరికో తెలియాలంటే కొంచెం చరిత్రలోకి వెళ్లాలి.

ముందు చిన్న లెక్క. కోటి రూపాయల ఇల్లు, 40 లక్షలు మీవి, 60 బ్యాంకువి. వాయిదాలు ఆగిపోయి, ఇల్లు వేలానికి వచ్చి 70కి పోయిందనుకోండి. వడ్డీ, ఖర్చులు పోను బ్యాంకు గట్టున పడుతుంది. మీ 40 దాదాపు హుళక్కి. అదే మీరు 10 లక్షలే పెట్టి ఉంటే? మీకు పోయేది ఆ 10, బ్యాంకుకి పోయేది 20. (మిగిలిన బాకీకి మీ వెంట పడొచ్చనుకోండి, అది వేరే కథ.) అంటే డౌన్ పేమెంటు అన్నది బ్యాంకు వేసుకునే కవచం, కొనేవాడు దాని బరువు మోస్తాడు. పాత రికార్డు చెప్పేది ఇంకో సంగతి: అసలు వాయిదా ఆగే అవకాశం ఎంత అని. రెండూ వేర్వేరు వేరియబుల్స్. ఒకటి ఎక్కువైతే రెండోది అక్కర్లేదనుకున్న ప్రతిసారీ మునిగింది డబ్బు ముందు పెట్టినవాడే.

1920ల అమెరికా తీసుకోండి. స్కోరు అనే అంకె లేదు. ఇల్లు కొనాలంటే ధరలో సగం దాకా ముందు కట్టాలి. మిగతాదానికి మూడు నుంచి ఐదేళ్ల అప్పు. మధ్యలో వడ్డీ మాత్రం కట్టుకుంటూ పోతారు, గడువు తీరాక అసలు మొత్తం ఒకేసారి. అంత ఎవరి దగ్గరుంటుంది? కాబట్టి గడువు రాగానే తిరగరాయించుకునేవాళ్లు. 1929 తర్వాత బ్యాంకులే కుప్పకూలుతుంటే తిరగరాసే నాథుడేడీ? 1933 నాటికి రోజుకి దాదాపు వెయ్యి ఇళ్లు జప్తయ్యాయంటారు. పోగొట్టుకున్నవాళ్లలో సగం ధర కట్టిన పెద్దమనుషులు బోలెడుమంది. వాళ్ల డిపాజిట్ వాళ్లని కాపాడలేదు.

రూజ్‌వెల్ట్ ప్రభుత్వం 1933లో హోమ్ ఓనర్స్ లోన్ కార్పొరేషన్ పెట్టి దాదాపు పది లక్షల ఇళ్ల అప్పుల్ని తిరగరాసింది. 1934లో వచ్చిన ఎఫ్‌హెచ్ఏ అప్పుకి బీమా ఇచ్చింది. డౌన్ పేమెంటు 20 శాతానికి దిగింది, 1938కి కొన్ని ఇళ్లకి 10కే దిగింది. ఇరవయ్యేళ్లు, పాతికేళ్లు సమాన వాయిదాలు. ఇవాళ మనం కట్టే ఈఎమ్ఐకి తాతగారు అదే.

బాగుంది కదా? అందరికీ బాగాలేదు. ఆ కార్పొరేషన్ ఊళ్లకి మ్యాపులు గీసి పేటలకి ఆకుపచ్చ, నీలం, పసుపు, ఎరుపు రంగులు వేసింది. నల్లవాళ్లుండే పేటలు ఎరుపులోకి పోయాయి. ఎఫ్‌హెచ్ఏ కూడా ఆ పేటల్లో బీమా ఇవ్వనంది. మనిషి రికార్డు బాగున్నా, చేతిలో డబ్బున్నా, లోన్ మాత్రం లేదు.

అసలు కథ ఇక్కడుంది. అప్పు పుట్టని ఆ జనం కోసం షికాగోలో 'కాంట్రాక్ట్' అమ్మకాలు పుట్టుకొచ్చాయి. ముందు కొంత సొమ్ము కట్టు, నెలనెలా వాయిదా కట్టు, నీ చరిత్ర నాకక్కర్లేదు. వినడానికి ఎంత హాయిగా ఉందో చూడండి! కానీ చివరి వాయిదా దాకా ఇల్లు అమ్మినవాడి పేరు మీదే ఉంటుంది. ఒక్క నెల తప్పితే ఇల్లూ పోతుంది, అంతదాకా కట్టిందీ పోతుంది. తనఖా అయితే ఇల్లు అమ్మగా మిగిలింది యజమానికి వస్తుంది, ఇక్కడ ఆ మాటే లేదు. నార్త్ లాండేల్‌లో 1961లో క్లైడ్ రాస్ అనే ఆయన 27,500 డాలర్లకి ఇలా ఇల్లు కొన్నాడు. అమ్మినవాడు దాన్ని ఆరునెలల ముందు కొన్నది 12,000కి. కొందరు అమ్మకందార్లకి వాయిదా తప్పడమే కావాలి. తప్పితే అదే ఇంటిని ఇంకొకడికి, ఇంకో డిపాజిట్‌తో మళ్లీ అమ్మొచ్చు.

1968లో వీళ్లంతా కాంట్రాక్ట్ బయ్యర్స్ లీగ్‌గా ఏర్పడి వాయిదాలు కట్టడం ఆపేశారు. వందలాది కుటుంబాలు ఒప్పందాలు తిరగరాయించుకున్నాయి. కోర్టులో వేసిన పెద్ద దావాలు మాత్రం ఓడిపోయాయి.

ఇది చదివినప్పుడు నాకు మన ఊళ్ల తనఖాలే గుర్తొచ్చాయి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఆరు రకాల తనఖాలని లెక్కేసింది. అందులో షరతుతో కూడిన అమ్మకం ఒకటి: గడువులోపు బాకీ తీర్చకపోతే అమ్మకం ఖాయం. పొలం స్వాధీనం చేసి, పంటని వడ్డీ కింద తిననిచ్చే స్వాధీన తనఖా ఇంకోటి. అప్పిచ్చే షావుకారు రైతు రికార్డు కంటే పొలాన్నే చూసేవాడు. అప్పు విలువకి మూడింతల పొలం ఉంటే అప్పు తీరకపోవడమే లాభం. 1938లో రాజాజీ ప్రభుత్వం మద్రాసు రైతు రుణ విమోచన చట్టం తెచ్చింది, మన కోస్తా, రాయలసీమ జిల్లాలూ దాని కిందకి వచ్చాయి. అసలుకి రెట్టింపు కట్టేసి ఉంటే బాకీ తీరిపోయినట్టే అని రాశారందులో. షావుకార్లు ఏమని ఉంటారో ఊహించుకోండి :)

ఇక స్కోరు సంగతి. ఇందులో మన వృత్తివాళ్ల చెయ్యే ఉంది. 1956లో బిల్ ఫెయిర్ అనే ఇంజినీరు, ఎర్ల్ ఐజాక్ అనే లెక్కల మాస్టరు లాంటి మనిషి కలిసి కంపెనీ పెట్టారు. మొహం చూసి కాదు, అంకె చూసి అప్పివ్వమన్నారు. అందరూ వాడే ఫైకో స్కోరు 1989లో వచ్చింది. 1995లో ఫానీ మే, ఫ్రెడ్డీ మాక్ ఇళ్ల అప్పులకి దాన్ని వాడమన్నాక అదే వేదమైపోయింది. నా మటుకు నాకు ఇది రంగుల మ్యాపు కంటే నయమే. కానీ చరిత్ర లేనివాడిని ఏం చెయ్యాలో ఆ అంకెకి ఇప్పటికీ సరిగ్గా తెలీదు.

2000ల మధ్యలో చూసిన తమాషా వేరు. తక్కువ స్కోరు వాళ్లకి డౌన్ పేమెంటు కూడా లేకుండా, జీతం నోటిమాట మీద అప్పులిచ్చారు. రెండు వేరియబుల్సూ ఒకేసారి గాలికొదిలేశారన్నమాట. 2008లో ఏమైందో మనలో చాలామంది బెంచి మీద కూర్చుని చూశాం. దాని ఫలితంగా 2010 డాడ్-ఫ్రాంక్ చట్టం, 2014 జనవరి నుంచి ఒక నియమం: కట్టగలడా లేదా చూడకుండా ఇంటి అప్పు ఇవ్వకూడదు. ఎంత డిపాజిట్ పెట్టినా సరే, ఆ పరీక్ష తప్పదు. ఎఫ్‌హెచ్ఏ మాత్రం 2010 నుంచి బేరం బాహాటంగానే పెట్టింది: స్కోరు 580 పైన ఉంటే 3.5 శాతం కట్టు, 500 నుంచి 579 మధ్య ఉంటే 10 శాతం కట్టు. అప్పిచ్చే కంపెనీలు చాలావరకు ఇంకా పై అంకె అడుగుతాయి, అదే మనవాళ్లకి చిరాకు.

మన దగ్గర 1977లో హెచ్‌డీఎఫ్‌సీ మొదలైన రోజుల్లో చూసింది జీతం చీటీ, జామీను. వాయిదాలు ఆగితే కోర్టులో ఏళ్లూ పూళ్లూ పట్టేది కాబట్టి ఇల్లెంత ఖరీదైనా మనిషినే నమ్మాలి. 2002 సర్ఫేసీ చట్టంతో లెక్క మారింది: 60 రోజుల నోటీసు, ఆపైన కోర్టు గడప తొక్కకుండానే వేలం. బాకీ తీరగా మిగిలింది మీకివ్వాలి, అది చట్టంలోనే ఉంది. 2000లో పుట్టిన సిబిల్ ఈలోపు స్కోరు తెచ్చింది. 2010లో రిజర్వు బ్యాంకు అప్పు శాతానికి పరిమితి పెట్టింది, తర్వాత సవరించింది: 30 లక్షల లోపు అప్పుకి 90 శాతం, 75 దాకా 80, ఆపైన 75. కనీస స్కోరు ఇంత ఉండాలని మాత్రం ఎక్కడా చెప్పలేదు. తొలిసారి అప్పు అడిగేవాళ్లని హిస్టరీ లేదన్న ఒక్క కారణంతో తోసిపుచ్చొద్దన్నది 2025లో లోక్‌సభలో ప్రభుత్వం మళ్లీ గుర్తుచేసిన సంగతే. బ్రాంచిలో కూర్చున్నాయన ఈ ముక్క మీతో అనడు, మీరే అడగాలి.

కాబట్టి ఒకచోట కాదంటే ఇంకోచోట ప్రయత్నించండి, తప్పులేదు. హిస్టరీ లేనివాళ్లయితే అద్దె రసీదులు, పన్ను కాగితాలు పట్టుకెళ్లి మనిషి చేత ఫైలు చదివించండి. కానీ "మీ స్కోరుతో మాకు పనిలేదు, డబ్బుంటే చాలు" అని ఎవరైనా నవ్వుతూ ముందుకొస్తే కాగితాల్లో మూడు సంగతులు చూడండి: రిజిస్ట్రేషన్ ఈరోజే మీ పేర అవుతుందా, వాయిదా తప్పితే మిగులు ఎవరికి, వడ్డీ ఎప్పుడెప్పుడు మారుతుంది. ఇంకోటి, ఉన్నదంతా డౌన్ పేమెంటులో పోసేయకుండా ఓ ఏడాది వాయిదాలకి సరిపడా పక్కనుంచుకోండి. మన దగ్గర ఫ్లోటింగ్ రేటు ఇంటి అప్పుని ముందే తీర్చితే జరిమానా 2012లోనే ఎత్తేశారు, ఆ సొమ్ము ఏడాది తర్వాత కట్టుకున్నా పోయేదేం లేదు.