గంగదేవిపల్లి గుంతలో దొరికిన ఎరువు

2017 ఫిబ్రవరిలో వరంగల్ సమీపంలోని గంగదేవిపల్లిలో కేంద్ర తాగునీటి, పారిశుద్ధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ ఒక ఇంటి మరుగుదొడ్డి గుంతలోకి దిగి, లోపల ఉన్నదాన్ని పారతో ఎత్తి బయట పోశారు. 23 రాష్ట్రాల అధికారులు ఆ కార్యక్రమానికి వచ్చారు. ఆ నెలాఖరున ప్రధాని తన రేడియో ప్రసంగంలో దీన్ని ప్రస్తావించారు. గుంతలోంచి వచ్చింది వాసన లేని, పొడిపొడిగా రాలే నల్లని మట్టి. కేంద్ర కార్యదర్శి గుంతలోకి దిగడమే పెద్ద వార్త అయింది. మలం అలా మట్టిగా ఎలా మారిందన్నది మాత్రం అంతగా చర్చకు రాలేదు.

ఆ మరుగుదొడ్డికి రెండు గుంతలుంటాయి. ఒక్కోటి సుమారు మీటరు వెడల్పు, మీటరు పైచిలుకు లోతు. సిమెంటు వరలతోగానీ ఇటుకతోగానీ కడతారు. గోడకు రంధ్రాలు వదులుతారు, అడుగున సిమెంటు చేయరు. నీరు, మూత్రం చుట్టూ ఉన్న నేలలోకి ఇంకిపోతాయి, మలం మిగులుతుంది. ఆరుగురున్న ఇంట్లో ఒక గుంత నిండటానికి సుమారు ఐదేళ్లు పడుతుంది. అప్పుడు దొడ్డి వెనకనున్న చిన్న తొట్టెలో ఆ దారి మూసి రెండో గుంతకు దారి తెరుస్తారు. నిండిన గుంతకు ఇక చేయాల్సిందేమీ లేదు, దాన్ని కదపకుండా వదిలేయడమే. నేలలోని సూక్ష్మజీవులు మిగతా పని చేస్తాయి.

ఎంతకాలం వదలాలన్నదే అసలు విషయం. కొన్ని నెలలకే లోపలిది మట్టిలా కనిపించవచ్చు. విరేచనాలు, టైఫాయిడ్ కలిగించే క్రిములు చాలావరకు త్వరగానే చస్తాయి. ఏలిక పాముల గుడ్లు మాత్రం మొండివి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006 మార్గదర్శకాలు వెచ్చని ప్రాంతాల్లో ఏడాదికి పైగా, చల్లని చోట్ల ఏడాదిన్నర నుంచి రెండేళ్లు నిల్వ ఉంచాలని చెప్పాయి. కొత్త మలం ఒక్కసారి కలిసినా ఈ లెక్క మొదటికొస్తుంది. అందుకే ఖర్చు తగ్గుతుందని ఒకే గుంత తవ్వినా, రెండు తవ్వి రెండింటికీ ఒకేసారి నీళ్లు వదిలినా ఎరువు మాట మరిచిపోవాల్సిందే. నేలలో నీరు పైపైనే ఉన్నచోట, తాగునీటి బావికి దగ్గరలో ఈ గుంతలు తవ్వితే బావి నీరే పాడవుతుంది.

దీన్ని నల్ల బంగారం అని పిలవడం కాస్త అతిశయమే. భారతీయ ఆహారం తినే మనిషి నుంచి ఏడాదికి బయటికొచ్చే నత్రజని మూడు కిలోల లోపే. ఆరుగురి ఇంటికి లెక్కవేస్తే 45 కిలోల యూరియా బస్తాలో ఉండేదానిలో సుమారు ముప్పాతిక వంతు. తక్కువేమీ కాదు, కానీ అందులో ఎక్కువ భాగం ఉండేది మూత్రంలో. అది గుంత గోడల్లోంచి ఇంకిపోతుంది. మిగిలేది భాస్వరం, కొంత నత్రజని, నేలను గుల్లబరిచే సేంద్రియ పదార్థం. మూత్రాన్ని వేరుగా పట్టే మరుగుదొడ్లు తమిళనాడులోని ముసిరిలో పెట్టారు. అక్కడ ఆ నత్రజని కూడా పొలానికి చేరే వీలుంది.

మలాన్ని ఎరువు చేయడం మన దేశానికి కొత్త కాదు. 1930ల చివర బెంగళూరులో సి.ఎన్. ఆచార్య ఊరి చెత్తనూ మలాన్నీ పొరలు పొరలుగా గుంతల్లో వేసి మట్టితో కప్పే పద్ధతిని రూపొందించారు. బెంగళూరు పద్ధతిగా అది వ్యవసాయ పాఠ్యపుస్తకాల్లో ఇప్పటికీ ఉంది. పాఠంలో కనిపించనిది ఒకటుంది: ఆ గుంతదాకా పచ్చి మలాన్ని గంపల్లో, బళ్లలో మోసుకొచ్చింది పాకీ పనికి కట్టుబడ్డ దళిత కులాలవారు, ముఖ్యంగా స్త్రీలు. ఎస్.ఆర్. శంకరన్, బెజవాడ విల్సన్ వంటివారు సఫాయి కర్మచారి ఆందోళన్‌గా పోరాడింది ఆ గంపకు వ్యతిరేకంగానే. గొర్రెల మంద కట్టించుకోవడానికి డబ్బిచ్చే రైతు తన ఇంటి గుంతలోని మట్టిని ముట్టనంటే, అది శుభ్రత పట్టింపు ఒక్కటే కాదు.

2013 నాటి పాకీ పని నిషేధ చట్టం ఇక్కడొక గీత గీసింది. మలం పూర్తిగా కుళ్లి మట్టిగా మారకముందే దాన్ని మనిషి చేత్తో ఎత్తడం, మోయడం దాని ప్రకారం పాకీ పని కిందికి వస్తుంది. ఏడాదికి పైగా ఆగిన గుంతలోంచి ఇంటి యజమాని పారతో ఎత్తితే అది ఎరువు. ఒక్క గుంతే తవ్వి, అది నిండి పొంగినరోజు కూలీని పిలిచి దింపితే అది నేరం. సెప్టిక్ ట్యాంకు సంగతి ఇంకా ప్రమాదకరం. అందులో మలం నీళ్లలోనే నిలిచి విషవాయువులు పుడతాయి, దిగినవాళ్లు ఊపిరాడక చనిపోతున్నారు. అయినా ఊళ్లలో కాస్త డబ్బున్నవారు కట్టించుకుంటున్నది పెద్ద సెప్టిక్ ట్యాంకునే. ఎప్పుడో పదేళ్లకుగానీ నిండదని వారి ధీమా. నిండాక ఎవరు శుభ్రం చేయాలన్నది అప్పటికి వాయిదా.