జపనీయ వాడుక మాట

జపనీయ వాడుక మాట అనగా జపాను దేశములో ఇంటిలోను, స్నేహితుల మధ్యను, సమాన వయస్కుల మధ్యను మాట్లాడుకొనే జపనీయ భాషా రూపము. దీనిని ఆ భాషలో "తమెగుచి" అంటారు. "తమె" అనేది పాచికలలో ఒకే అంకె పడుటను తెలిపే జూదగాళ్ళ మాట అని, దాని నుండి "సమానుడు, ఈడువాడు" అనే అర్థము వచ్చినదని చెబుతారు. "గుచి" అనగా నోరు. ఈడువానితో మాట్లాడినట్లు మాట్లాడుట అని తమెగుచికి భావము.

పాఠ్యపుస్తకములతో జపనీయము నేర్చుకొనే విద్యార్థికి మొదట చెప్పేది "దెసు", "మసు" అనే క్రియాంతములు గల మర్యాద రూపము. ఇది అపరిచితులతోను, పెద్దలతోను, కార్యాలయములోను చెల్లుతుంది. అయితే దానిని మాత్రమే నేర్చినవాడు పక్క గదిలో ఇద్దరు మిత్రులు మాట్లాడుకుంటే సగము కూడా గ్రహించలేడు. దీనికి విరుద్ధమైన చిక్కు మరొకటి ఉన్నది. కార్టూను చిత్రాలు చూసి వాడుక మాట నేర్చినవాడు తన పై అధికారిని "ఒమాఎ" (ఒరే, నువ్వు) అని సంబోధించి, ఏమి తప్పు జరిగినదో తెలియక నిలబడతాడు. మొదటివాని లోటు అక్కడ కొన్నాళ్ళుంటే తీరుతుంది. రెండవవాని మాట వలన చెడిన సంబంధము అంత త్వరగా బాగుపడదు. కనుక వాడుక మాటలో నేర్చుకోవలసినది పదముల పట్టిక మాత్రమే కాదు, ఏ మాట ఎవరితో అనవచ్చునో కూడా.

తెలుగువారికి ఈ విషయము నేడు దూరపుది కాదు. నిర్దిష్ట నైపుణ్యము గల విదేశీ కార్మికులకు జపాను 2019 ఏప్రిల్‌లో ప్రత్యేక వీసా పద్ధతిని ప్రారంభించినది. దీనిపై భారత, జపాను దేశముల మధ్య 2021 జనవరిలో ఒప్పందము కుదిరినది. వడ్డాది, చోడవరము ఉన్న అనకాపల్లి జిల్లాలోనే, అచ్యుతాపురము వద్ద, యోకొహామా సంస్థకు చెందిన టైర్ల కర్మాగారము 2022లో ప్రారంభమైనది.

తెలుగు లిపిలో జపనీయము

జపనీయ పదములను ఆంగ్ల అక్షరములలో కంటె తెలుగు అక్షరములలో వ్రాసుకొనుట మేలు. హ్రస్వ దీర్ఘ భేదము, ద్విత్వాక్షరము, ఎ-ఏ, ఒ-ఓ ల తేడా రెండు భాషలలోను ఉన్నవి. "ఒబసన్" అనగా పిన్ని లేక అత్త వయసు స్త్రీ, "ఒబాసన్" అనగా అమ్మమ్మ వయసు స్త్రీ. ఆంగ్ల లిపిలో ఈ తేడా తరచు జారిపోతుంది. త, ద లు తెలుగులో వలె దంత్యములే. "దెసు", "మసు" అని వ్రాసినా చివరి ఉకారము దాదాపు వినిపించదు, "దెస్", "మస్" అన్నట్లే ఉంటుంది.

చరిత్ర

పందొమ్మిదవ శతాబ్దము చివర వరకు జపానులో వ్రాసే భాష వేరు, మాట్లాడే భాష వేరు. మాటను, వ్రాతను ఒక్కటి చేయాలనే ఉద్యమమును "గెంబున్ ఇచ్చి" అంటారు. ఫుతబతెయి షిమెయి 1887లో ప్రచురణ ప్రారంభించిన "ఉకిగుమొ" నవల ఈ మార్గములో తొలి ముఖ్య రచనగా పేరొందినది. పదేండ్ల తరువాత, 1897లో, గురజాడ అప్పారావు "కన్యాశుల్కము" అచ్చయినది. ఆపై గిడుగు వెంకట రామమూర్తి (1863-1940) వ్యావహారిక భాషోద్యమమును నడిపించాడు. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే రెండు దేశములలోను ఒకే తగవు నడిచినదన్నమాట. గ్రాంథికము విడిచిన తరువాత కూడా జపనీయములో మర్యాద రూపము, చనువు రూపము అనే భేదము మిగిలినది. తెలుగులో "మీరు", "నువ్వు" భేదము మిగిలినట్లే.

క్రియల కుదింపు

విద్యార్థిని అన్నిటికంటె ఎక్కువగా తికమక పెట్టేది కొత్త పదములు కావు, తెలిసిన క్రియలే కుదించుకుపోయి వినిపించుట. ఇక్కడ తెలుగువాడు అదృష్టవంతుడు. క్రియకు క్రియ చేర్చి, ఆపై రెంటినీ కలిపి నొక్కివేయుట మన భాషకూ అలవాటే.

"తబెతె షిమత్త" అనగా "తినివేసితిని". "షిమవు" అనే క్రియకు ముగించు, సర్దిపెట్టు అని అర్థము. వాడుకలో ఇది "తబెచత్త" అవుతుంది. "తినివేసితిని" అనేది "తినేశాను" అయినట్లు, దానినే మన వడ్డాది, చోడవరము వైపు "తినీసేను" అన్నట్లు. "నొందె షిమత్త" (తాగేశాను) అయితే "నొంజత్త" అవుతుంది. ఒక తేడా గమనించాలి. తెలుగులో కావాలని ముగించిన పనికి "వేయు" (తినేశాను), మన ప్రమేయము లేక జరిగినదానికి "పోవు" (మరచిపోయాను) వాడుతాము. జపనీయములో ఈ రెండు పనులను "షిమవు" ఒక్కటే చేస్తుంది. "వసురెచత్త" అంటే "మరచిపోయాను". అందుచేత "తబెచత్త" అన్నప్పుడు పూర్తిగా తిన్నాడా, తినకూడనిది తిని నొచ్చుకుంటున్నాడా అన్నది సందర్భమును బట్టి, గొంతును బట్టి తెలియాలి.

"తబెతె ఇరు" అనగా "తింటూ ఉన్నాను". ఇది "తబెతెరు" అవుతుంది, మనకు "తింటున్నాను" అయినట్లు. "కత్తె ఒకు" (కొని ఉంచు) "కత్తొకు" అవుతుంది. "తబెతె మిరు" అంటే అచ్చముగా "తిని చూడు". ఇందులో "చూడు" అనే క్రియ రెండు భాషలలోను ప్రయత్నించుట అనే అర్థమునే ఇస్తుంది. దీనికి కుదింపు లేదు.

"ఇకనకెరెబ నరనయి" అనే పొడవాటి రూపమును చూసి విద్యార్థులు బెదురుతారు. మాటకు మాట చెబితే "వెళ్ళకపోతే కాదు", అనగా వెళ్ళి తీరాలి. స్నేహితుల మధ్య దీనిని "ఇకనక్య" అనో, "ఇకనకుచ" అనో సగములోనే ఆపివేస్తారు. "అమ్మో, పొద్దుపోయింది, వెళ్ళకపోతే..." అని మనము వాక్యమును గాలిలో వదిలివేయుట ఇటువంటిదే.

"త్తె" అనే చిన్న ముక్క మన "అని", "అట" ల పని చేస్తుంది. "కురు త్తె" అంటే "వస్తాడట". "జన్" అనేది "దెవ నయి క" అనే దానికి అరిగిన రూపము, "కదా" అని అర్థము. "ఈ జన్" అంటే "బాగుంది కదా". "వకరనయి" (తెలియదు) "వకన్నయి" అవుతుంది, మనకు "తెలీదు" అయినట్లు. విభక్తి ప్రత్యయములు కూడా జారిపోతాయి. "గొహన్ ఒ తబెమషిత క" అనే మర్యాద వాక్యము "గొహన్ తబెత?" గా మిగులుతుంది. ప్రశ్నను తెలిపే "క" పోయి, గొంతు పైకి లేచుటయే ప్రశ్న అవుతుంది. మనము "అన్నం తిన్నావా" అన్నప్పుడు కనీసము "ఆ" మిగులుతుంది, అక్కడ అదీ లేదు.

వాక్యాంతములో వచ్చే "నె" మన "కదా"కు దగ్గర. "యొ" ఎదుటివానికి తెలియని సంగతి చెప్పేటప్పుడు వస్తుంది. "నె" తక్కువైతే మాట మొరటుగాను, "యొ" ఎక్కువైతే పాఠము చెబుతున్నట్లుగాను ఉంటుంది.

నేను, నువ్వు

"నేను" అనుటకు జపనీయములో పలు పదములున్నవి. "వతషి" అందరికీ చెల్లుతుంది. "బొకు" బాలురు, పురుషులు వాడే మెత్తని మాట. "ఒరె" పురుషులు చనువుగా లేక బింకముగా వాడేది. తెలుగు చలనచిత్రములు ఇటీవల జపానులో ఆదరణ పొందుతున్నవి. "ఆర్ఆర్ఆర్" అక్కడ 2022 అక్టోబరులో విడుదలై చాలా కాలము ఆడినది. మన ఒక్క "నేను"కు అక్కడి ఉపశీర్షికలో ఎవరు, ఎవరితో మాట్లాడుతున్నారో చూసి పదమును ఎంచుకోవలసి వస్తుంది.

"నువ్వు", "మీరు" అనుటకు "అనత", "కిమి", "ఒమాఎ" వంటివి ఉన్నా, వీలైనంత వరకు వాటిని వాడకపోవుటయే పద్ధతి. పేరుకు "సన్" చేర్చి పిలిస్తే చాలు. "అనత" అనేది పాఠ్యపుస్తకములో "మీరు" అని కనిపించినా, పెద్దవారిని అలా అనరాదు. భార్య భర్తను పిలిచే "అనత"కు మన "ఏమండీ"యే సరియైన అనువాదము. "కిసమ" అనే పదము ఒకప్పుడు గౌరవ వాచకము, నేడు తిట్టు. "సన్", "కున్", "చన్" లేకుండా ఉత్తి పేరుతో పిలుచుటను "యొబిసుతె" అంటారు. ఎదుటివారు అనుమతించే వరకు అది చేయరాదు.

తెలియని వారిని వరుసలతో పిలుచుట అక్కడ కూడా ఉన్నది. "ఒనీసన్" (అన్న), "ఒనేసన్" (అక్క), "ఒజిసన్" (బాబాయి) అని పిలుస్తారు. "ఒబసన్" అనే పిలుపు మాత్రము నడివయసు స్త్రీలకు నచ్చకపోవచ్చును. మన పట్టణములలో "ఆంటీ" అనే మాట తెచ్చే ఇబ్బంది దీనికీ ఉన్నది.

ఊఁ కొట్టుట

వింటున్నవాడు మధ్య మధ్య పలికే మాటలను "అయిజుచి" అంటారు. కొలిమి వద్ద ఇద్దరు కమ్మరులు మార్చి మార్చి సుత్తి వేయుట ఈ పదమునకు మూలార్థము. కథ వింటూ మనము ఊఁ కొట్టుట వంటిదే ఇది, కాని జపనీయులు చాలా తరచుగా చేస్తారు. ఫోనులో కొంతసేపు ఏమీ అనకపోతే అవతలివారు "మొషి మొషి?" అని అడుగుతారు. స్నేహితులతో "ఉన్" (ఊఁ), "హే" (ఔరా), "మజి?" (నిజమా) అనవచ్చును. పెద్దలతో "హయి", "సో దెసు క" అనాలి. "నరుహొదొ" (ఓహో, అలాగా) మర్యాదగా వినిపించినా, పై అధికారితో అనరాదని చాలామంది అభిప్రాయము. "హయి" అనేది ఇటువంటిచోట "వింటున్నాను" అని మాత్రమే. దానిని "ఒప్పుకున్నాను" అని అర్థము చేసుకొని వ్యాపార వ్యవహారములలో పొరబడినవారున్నారు.

రోజువారీ మాటలు

ఇల్లు విడిచేటప్పుడు "ఇత్తె కిమసు" అంటారు. ఇది అక్షరాలా "వెళ్ళివస్తాను". "వెళ్తాను" అనుట మనకు అపశకునము వలె, అక్కడ కూడా రాక చేర్చనిదే పోక చెప్పరు. ఇంట్లోవారు "ఇత్తె రష్షయి" (వెళ్ళి రండి) అంటారు. "సయొనర" అనే మాట విదేశీయులకు బాగా తెలిసినదే గాని, రేపు మరల కలుసుకొనే స్నేహితులు "జా నె", "మత నె" అని విడిపోతారు. పని ముగిసినప్పుడు తోటివారితో "ఒత్సుకరెసమ" (అలసిపోయారు పాపము అన్నట్లు) అంటారు. "గొకురోసమ" పెద్దవారు చిన్నవారిని అనేది.

"దయిజోబు" మన "పరవాలేదు" వంటి మాట. పడినవానిని లేపుతూ "దయిజోబు?" అంటే "ఫరవాలేదా, దెబ్బ తగలలేదు కదా" అని. దుకాణములో "దయిజోబు దెసు" అంటే "అక్కరలేదు" అని. ప్లాస్టిక్ సంచికి 2020 జూలై 1 నుండి అక్కడ రుసుము తప్పనిసరి చేసినందున, సంచి కావాలా అనే ప్రశ్న, దానికి ఈ జవాబు దుకాణములలో నిత్యము వినిపిస్తాయి. "చొత్తొ..." (కొంచెము...) అని వాక్యము ఆపివేస్తే అది కాదనుటయే. "చూద్దాం లెండి" అన్నప్పుడు మనకు తెలిసినట్లే, అక్కడ అందరికీ తెలుస్తుంది.

యువతరము మాటలు

"యబయి" మొదట దొంగలు, జేబుకత్తెరగాళ్ళు "ప్రమాదము" అనే అర్థములో వాడిన మాట. నేటి యువకులు అన్నము రుచిగా ఉన్నా, పరీక్ష పోయినా "యబయి" అనే అంటారు. "మజి" అనేది "మజిమె" (గంభీరము) కు ముక్క. ఇది కొత్తది కాదు, ఎదొ కాలపు నాటకశాలల వారి మాటలలో ఉన్నది. "కిమొయి" (రోత), "ఉజయి" (విసుగు), "దసయి" (నాసి) వంటివి అర్థము తెలిస్తే చాలు, విద్యార్థి నోట రానవసరము లేదు. "అయి" శబ్దమును "ఏ"గా సాగదీసి "సుగోయి"ని "సుగే", "యబయి"ని "యబే" అనుట ముఖ్యముగా మగపిల్లల మొరటు మాట. "సుగోయి"లో ఉన్నది "ఒయి" అయినా అదీ "ఏ"యే అవుతుంది.

పరభాషా పదమునకు "రు" చేర్చి క్రియ చేయుట వారికి సరదా. ఫ్రెంచి "సబొతాజు" నుండి "సబొరు" (బడి, పని ఎగ్గొట్టు) వచ్చినది. గూగుల్ నుండి "గుగురు" వచ్చినది. తెలుగు అంతర్జాలములో కొందరు వ్రాసిన "గూగులించు" దీనికి తోబుట్టువే. పదములను కత్తిరించుట మరొక సరదా. కన్వీనియన్స్ స్టోర్ "కొంబిని", పర్సనల్ కంప్యూటర్ "పసొకొన్" అయినవి. జర్మను పదమైన "అర్బైట్" నుండి "అరుబయితొ", దాని నుండి "బయితొ" (విద్యార్థుల చిరు ఉద్యోగము) వచ్చినవి. సందర్భము గ్రహించలేనివానిని "కేవై" అనుట 2007లో బాగా ప్రచారము పొందినది. "గాలిని చదవలేడు" అనే జపనీయ వాక్యమునకు ఇవి ఆంగ్ల పొడి అక్షరములు. అంతర్జాలములో నవ్వుకు గుర్తుగా ఆంగ్ల డబ్ల్యు అక్షరములను వరుసగా వ్రాస్తే, అవి గడ్డి మొలచినట్లు కనిపిస్తాయని, నవ్వునే "కుస" (గడ్డి) అనసాగారు.

చిత్రకథలలో ముసలివాడు, రాజకుమారి, దుండగుడు మాట్లాడే తీరు వాడుక మాట కాదని గుర్తించాలి. భాషావేత్త కిన్సుయి సతొషి దీనికి "యకువరిగొ" (పాత్ర భాష) అని పేరు పెట్టి, 2003లో వెలువరించిన గ్రంథములో వివరించాడు. మన పౌరాణిక నాటకములో రాజు మాట్లాడే తెలుగుతో సంతలో బేరమాడరాదు కదా.

ప్రాంతీయ భేదములు

పాఠములలోని వాడుక మాట టోక్యో వారిది. ఒసాకా ప్రాంతములో "కూడదు" అనుటకు "దమె" బదులు "అకన్" అని, "నిజము" అనుటకు "హొంతో" బదులు "హొమ్మ" అని అంటారు. వృద్ధుల సంరక్షణ పనికి వెళ్ళేవారు పరీక్షలో నేర్చిన భాష కాక, ఆ ఊరి ముసలివారి మాటనే రోజంతా వినవలసి ఉంటుంది.

ఓకినావా పాఠశాలలలో 20వ శతాబ్దపు తొలి భాగమున, ఇంటి మాట మాట్లాడిన పిల్లవాని మెడలో "హోగెన్ ఫుద" అనే చెక్క పలకను వేలాడదీసేవారు. మరొకడు అదే తప్పు చేసే వరకు అది వాని మెడలోనే ఉండేది. ఆ రోజులలోనే పర్లాకిమిడి ప్రాంతములో గిడుగు సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పించుటకు పుస్తకములు వ్రాశాడు. "ఏమిటి" అనక "ఏటి" అన్న పిల్లవానిని బెంచీ ఎక్కించిన బడులు మన వైపు కూడా ఉన్నవి గనుక, ఓకినావా వారిని మాత్రమే తప్పుపట్టుట న్యాయము కాదు.

"వెర్రివాడు" అనుటకు టోక్యో వైపు "బక", ఒసాకా వైపు "అహొ" అంటారు. ఒకరి ముద్దు మాట మరొకరికి తిట్టు. ఒసాకా వానిని "అహొ" అంటే నవ్వుతాడు, "బక" అంటే నొచ్చుకుంటాడు. టోక్యోలో తలకిందులు. ఈ రెండు మాటల సరిహద్దు ఎక్కడ అన్న ప్రశ్నతో మొదలైన ఒక టెలివిజన్ కార్యక్రమము 1991లో దేశమంతటి నుండి సమాధానములు సేకరించినది. దాని నిర్మాత మత్సుమొతొ ఒసము 1993లో వాటిని గ్రంథముగా వెలువరించాడు. పాత రాజధాని క్యోటో చుట్టూ, చెరువులో రాయి వేసిన అలల వలె, ఆ మాటలు వలయములుగా పరచుకొని ఉన్నట్లు అందులో చూపాడు. దూరపు వలయములలో పాత మాటలు, దగ్గరి వలయములలో కొత్త మాటలు ఉన్నవి. నత్తకు గల పేర్లను బట్టి యనగిత కునియొ 1930 నాటి గ్రంథములో చెప్పిన సూత్రమూ ఇదే.