అహ్మదాబాద్ వారసత్వ నడక

అహ్మదాబాద్ వారసత్వ నడక గుజరాత్‌లోని అహ్మదాబాద్ పాత నగరంలో గైడు దగ్గరుండి నడిపించే ఉదయపు పర్యటన. హెరిటేజ్ వాక్ అన్న పేరుతోనే అందరికీ తెలుసు. ప్రపంచ వారసత్వ వారోత్సవం మొదటి రోజైన 1997 నవంబరు 19న నగరపాలక సంస్థ, క్రూటా ఫౌండేషన్ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి దీన్ని మొదలుపెట్టింది. రూపకర్తల్లో ముఖ్యుడు వాస్తుశిల్పి దేబాశిష్ నాయక్. ఉదయం 8 గంటల ప్రాంతంలో కాలుపూర్ స్వామినారాయణ మందిరం దగ్గర బయలుదేరి, సుమారు రెండున్నర గంటల తర్వాత జామా మసీదు దగ్గర ముగుస్తుంది. మందిరం 1822 నాటిది, మసీదు 1424 నాటిది. దారి ముందుకు సాగేకొద్దీ కాలం వెనక్కి వెళుతుంది. ఈ నడకకు ప్రాణం ఆ క్రమమే.

సుల్తాన్ అహ్మద్ షా 1411లో సబర్మతి తూర్పు ఒడ్డున ఈ నగరాన్ని నెలకొల్పాడు. కోటగోడ లోపల జనావాసం పోళ్లుగా పెరిగింది. పోళ్ అంటే ఒకే కులానికో, వృత్తికో, మతానికో చెందిన కుటుంబాలు కలిసి బతికే వాడ. వీధి మొగలో పెద్ద తలుపు, దాని మీద కాపలావాళ్ల గది, లోపల చీలిపోతూ సాగే సందులు. చాలా సందులకు అవతలి దారి ఉండదు. కొన్నిచోట్ల మాత్రం మామూలు ఇంటి గుమ్మంలా కనిపించే తలుపు తీస్తే పక్క పోళ్‌లోకి దారి ఉంటుంది. అల్లర్లు వచ్చినప్పుడు తప్పించుకోవడానికి పెట్టుకున్న ఏర్పాటు అది. పటం చేతిలో ఉన్నా కొత్తవారికి ఆ తలుపు దొరకదు. గైడు అవసరం ఇక్కడే తెలిసివస్తుంది.

పోళ్‌లోని ఇల్లు మన మండువా లోగిలికి దగ్గరి చుట్టం. వీధివైపు అరుగు, లోపల ఆకాశానికి తెరిచిన చౌక్, దాని చుట్టూ గదులు. వెడల్పు తక్కువ, లోతు ఎక్కువ కాబట్టి ఎండ నేరుగా లోపలికి దిగదు. వెలుతురూ గాలీ చౌక్‌లోంచే వస్తాయి. చౌక్ కింద టాంకా అనే నేలమాళిగ తొట్టి ఉంటుంది. కప్పు కడిగేసే మొదటి వాన నీటిని వదిలేసి, తర్వాతి నీటిని అందులోకి మళ్లించేవారు. ఒకప్పుడు ఏడాది పొడవునా ఇంటికి తాగునీరు అదే. కట్టడంలో కర్ర చట్రం, మధ్య ఇటుక. భూమి కంపించినప్పుడు చట్రం కొంత ఊగి ఆ తాకిడిని తట్టుకుంటుంది. స్తంభాలు, దూలాలు, కిటికీల కింది ఆధారాల మీద లతలు, పక్షులు, ఏనుగులు చెక్కి ఉంటాయి. సందు మలుపుల్లో కనిపించే చబుత్రో పిట్టలకు గింజలు వేయడానికి స్తంభం మీద కట్టిన చిన్న మండపం. చెట్టు లేని చోట పిట్టకు చోటివ్వడం ఈ నగరం చేసిన ఎంతో దయగల పని.

నడక మొదలయ్యే మందిరం నుంచి కొద్ది దూరంలోనే 19వ శతాబ్దపు గుజరాతీ కవి దల్పత్‌రామ్ పేరిట చౌక్ అనే కూడలి వస్తుంది. శిథిలమైన ఆయన ఇంటి ముఖభాగాన్ని తిరిగి నిలిపి, ఎదుట కూర్చున్న భంగిమలో విగ్రహం పెట్టారు. తర్వాత కాలా రామ్‌జీ మందిరం, జైన ఆలయాలు, హర్‌కున్వర్ శేఠాణీ హవేలీ వస్తాయి. భర్త హఠీసింగ్ కన్నుమూశాక ఆయన తలపెట్టిన జైన ఆలయాన్ని 1848లో పూర్తి చేయించిన స్త్రీ ఈమె. ఆమె పేరు దారిలో వినిపించడం ఎంతో సముచితం.

ఆపైన మాణెక్ చౌక్. పగలు నగల అంగళ్లు, రాత్రి తినుబండారాల బళ్లు. కోటగోడ కడుతున్నప్పుడు మాణెక్‌నాథ్ అనే సాధువు పగలు చాప అల్లి రాత్రి విప్పేసేవాడని, అలా విప్పినప్పుడల్లా గోడ కూలేదని కథ. చౌక్‌కు ఆయన పేరే నిలిచింది. 1894లో ఏర్పడిన అహ్మదాబాద్ స్టాక్ ఎక్స్‌ఛేంజ్ పాత భవనం, నగరంలో తొలి పోళ్‌గా చెప్పుకునే ముహూర్త్ పోళ్ ఈ పరిసరాల్లోనే ఉన్నాయి. సుల్తానుల రాణుల సమాధుల చుట్టూ బట్టల అంగళ్లు అల్లుకున్నాయి. అహ్మద్ షా సమాధి మసీదు పక్కనే ఉంది. 260 స్తంభాలు, 15 గుమ్మటాల జామా మసీదులో శిల్పశైలి స్థానిక హిందూ, జైన పనివారిదే.

చాలా ఆలయాల్లో చెప్పులు విప్పాలి కనుక తేలిగ్గా విడిచేవి వేసుకోవాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం అనుకూలం.

2017 జూలైలో యునెస్కో ఈ పాత నగరాన్ని ప్రపంచ వారసత్వ నగరంగా గుర్తించింది. భారతదేశంలో ఆ గుర్తింపు పొందిన మొదటి నగరం ఇదే. అయినా కుటుంబాలు నది అవతలికి తరలిపోతుండడంతో తాళాలు పడిన ఇళ్లు పెరిగాయి. కొన్నిచోట్ల చెక్కడపు స్తంభాలు విడిగా అమ్ముడుపోయాయి. ఇల్లు కూల్చకుండా కాపాడే యజమాని తాను వాడుకోని నిర్మాణ హక్కును ఇతరులకు అమ్ముకునే వీలును నగరపాలక సంస్థ కల్పించింది. ఆ డబ్బు ఇంటి మరమ్మతులకు చేరాలన్నది దీని ఉద్దేశం.