శాంతి సభలో స్త్రీ స్థానం

అంతర్జాతీయ శాంతి, భద్రత అనగానే అవి ఢిల్లీలో, న్యూయార్కులో కూర్చున్న పెద్దల సంగతులనీ, మన హాలియా వారికి, అందునా మన ఇంటి ఆడవారికి వాటితో పనేమిటనీ అనుకుంటాము. ఈ అభిప్రాయం సరికాదనడానికి మన హైదరాబాదు బిడ్డ సరోజినీ నాయుడు గారి జీవితమే చాలు. నాంపల్లిలో రైలు దిగే మనవాళ్లు ఆమె నివసించిన 'గోల్డెన్ త్రెషోల్డ్' ముందు నుంచే పోతుంటారు.

ఆమె 1879లో హైదరాబాదులో ఒక బెంగాలీ కుటుంబంలో జన్మించారు. తెలుగువారైన డాక్టర్ గోవిందరాజులు నాయుడు గారిని వివాహమాడారు. హిందువులు, ముస్లింలు కలిసిమెలిసి బతికే నగరంలో పెరిగినందున ఐక్యత ఆమెకు పుస్తకాల్లో చదివిన మాట కాదు, కళ్లారా చూసిన బతుకు. 1908లో మూసీ పొంగి నగరాన్ని ముంచెత్తినప్పుడు బాధితుల సేవకు నడుం కట్టారు. 1913లో లక్నోలో జరిగిన ముస్లిం లీగు సభలో ప్రసంగించారు. 1924లో మొంబాసాలో తూర్పు ఆఫ్రికా భారతీయుల మహాసభకు, 1925లో కాన్పూరు కాంగ్రెసుకు అధ్యక్షత వహించారు.

1947 మార్చి 23న ఢిల్లీ పురానా ఖిలాలో ఆసియా దేశాల సభ మొదలైంది. అదే నెలలో పంజాబులో ఇరుగుపొరుగు వారే ఒకరినొకరు చంపుకుంటున్నారు. గాంధీజీ అల్లర్లు చెలరేగిన బీహారు నుంచి ఆ సభకు వచ్చారు. సొంత ఇల్లు తగలబడుతున్న వేళ, ఇరవైకి పైగా దేశాల ప్రతినిధులను ఒక్కచోట కూర్చోబెట్టిన ఆ సభకు అధ్యక్షురాలు సరోజినీ దేవి గారే. మొహల్లాలో లేని శాంతి లోకంలో ఎట్లా వస్తుందన్న ప్రశ్న ఆనాడు అందరి ముందూ నిలిచింది.

ఆమె 1949లో కన్నుమూశారు. శాంతి చర్చల్లో స్త్రీలకు సమాన భాగం ఉండాలని ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి తీర్మానించడానికి 2000 అక్టోబరు 31 దాకా పట్టింది. అదే 1325వ నంబరు తీర్మానం. 2007లో మన దేశం లైబీరియాకు పంపిన మహిళా పోలీసు దళం సమితి శాంతి సేనల్లో అటువంటి వాటిలో మొదటిది.

మరి మన సంగతేమిటి? ఈద్ నాడు షీర్ ఖుర్మా గిన్నె పక్కింటికి పంపేది మన ఆడవారే. బతుకమ్మ సద్దులు మనింటికి పంపేది ఆ పక్కింటి అక్కలే. శాంతి పని వారు ఏనాటి నుంచో చేస్తూనే ఉన్నారు. ఊళ్లో తగాదా వచ్చి పెద్దమనుషులు కూర్చున్నప్పుడు మాత్రం వారికి చోటుండదు. ఆ చోటు ఇవ్వడం మన చేతుల్లోనే ఉన్నది. అందుకు ఢిల్లీ దాకా పోనవసరం లేదు.