కోడిపుంజు తెలిపిన రహస్యము

విత్తుకొట్టిన కోడె పొగరుడిగి కాడికి లొంగునని మన రైతు లనాదిగా నెఱుగుదురు. అందలి కారణమునకు దారి చూపినది కోడిపుంజు.

1849 సంవత్సరమున జర్మనీదేశపు గటింగెన్ నగరమున బెర్తోల్డ్ అను పండితుడు కొన్ని పుంజుల వృషణములను తొలగించి, అందు కొన్నిటి కడుపులో వృషణమును మరల నమర్చెను. అట్లమర్చినవి ఎఱ్ఱని తురాయితో పెరిగి, కూసి, పోరాడినవి; తక్కినవి మెత్తబడినవి. పూర్వపు నరములు తెగినను గుణము నిలిచెను గనుక, దానిని రక్తమే కొనిపోవుచున్నదని యాతడు నిశ్చయించెను.

1889లో పారిస్ నగరమున బ్రౌన్ సెకార్ అను 72 ఏండ్ల వైద్యుడు కుక్కల వృషణరసమును సూదితో నెక్కించుకొని, తనకు బలము మరలివచ్చెనని చాటెను. ఆ నీటిరసమున సారము లేశమాత్రమే; వచ్చినది నమ్మకపు బలము. అయినను వృద్ధులెందరో దానికై యెగబడిరి. అసలు పదార్థమును 1935లో ఆమ్‌స్టర్‌డాం నగరమున లకూర్ బృందము వేరుపఱచి, టెస్టోస్టిరాన్ అని పేరిడెను.

2011లో వెలువడిన చికాగో పరిశోధనమున పదుగురు యువకులు ఎనిమిది రాత్రులు అయిదేసి గంటలే నిద్రింపగా, పగటివేళ వారి టెస్టోస్టిరాన్ నూటికి 10 మొదలు 15 వంతులు తగ్గెను. ఆ యేడే వెలువడిన ఫిలిప్పీన్ దీవులలోని సెబూ పరిశోధనమున 624 మందిని పరీక్షింపగా, తండ్రులైనవారికది తగ్గియుండెను. దినమునకు మూడుగంటలు గాని అంతకు పైగా గాని బిడ్డలను సాకువారికి మఱింత తక్కువ.

కావున తగ్గుదలయంతయు లోపము గాదు. నిద్ర చెడి తగ్గినది నష్టము. బిడ్డ నెత్తుకొనగా తగ్గినది గృహస్థధర్మము. యౌవనము నమ్మజూపు సీసాను కొనబోవు పెద్దలు ముందీ భేదము నెఱుగుదురు గాక!