యుద్ధవిమానం - ఇంజను - స్వావలంబన

2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21 విమానాలకు భారత వైమానికదళం వీడ్కోలు చెప్పింది. తొలి మిగ్-21 దళం 1963లో యేర్పడింది కూడా ఆ వూళ్లోనే. మంజూరైన యుద్ధవిమాన స్క్వాడ్రన్లు 42 కాగా, ఆ వీడ్కోలుతో మిగిలినవి 29. ఈ లెక్క చూపి కొందరు తక్షణం విదేశాలనుంచి కొనాలంటారు. మరికొందరు మన విమానం సిద్ధమవుతున్నది గనుక ఓపిక పట్టాలంటారు. ఈ రెండు వాదాలకూ వయస్సు అరవై యేళ్లు దాటింది. వాటి చరిత్ర తెలుసుకోకుండా యేదో ఒక పక్షాన చేరడం తొందరపాటు అవుతుంది.

ఇది సేనానులు తేల్చుకోవలసిన విషయం, రచయితలకూ పాఠకులకూ దీనితో పనేమిటి అని అడగవచ్చు. ఆ విమానాలు కొనే డబ్బు ప్రజలది. వాటిలో యెక్కి కూలిపోయేది ప్రజల బిడ్డలు. ఈ రెండు కారణాలూ చాలు.

1956లో బెంగుళూరులోని హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ కర్మాగారానికి కుర్ట్ టాంక్ అనే జర్మన్ రూపశిల్పి వచ్చాడు. ఆయన నాయకత్వాన మన ఇంజనీర్లు రూపొందించిన హెచ్.ఎఫ్.-24 "మారుత్" 1961 జూన్ 17న తొలిసారి ఆకాశానికి లేచింది. ఇది ధ్వనివేగానికి రెట్టింపు వేగం అందుకోవాలన్నది సంకల్పం. కాని అందుకు తగిన ఇంజను లేదు. టాంక్ తన లెక్కలన్నీ బ్రిటన్‌లో తయారు కావలసిన ఓర్ఫియస్-12 ఇంజనుమీద ఆధారపడి వేశాడు. దాని అభివృద్ధికయ్యే ఖర్చు భరించమని బ్రిటిషువారు అడిగారు, ఢిల్లీ ఒప్పుకోలేదు. చివరకు ఓర్ఫియస్-703 ఇంజన్లనే రెండింటిని మారుత్‌కు అమర్చారు. ఈజిప్టుతో కలసి మరో ఇంజనుకోసం చేసిన ప్రయత్నమూ 1969లో ఆగిపోయింది. రెక్కలు రెట్టింపు వేగానికి పనికివచ్చేవే. గుండెకే ఆ బలం చాలలేదు. 1970 జనవరిలో మారుత్‌ను మెరుగుపరచే ప్రయత్నంలోనే దాని ప్రథమ చోదకుడు సురంజన్ దాస్ ప్రాణాలు కోల్పోయాడు.

ఇదే కాలంలో రెండో దారి తెరుచుకున్నది. 1961లో పాకిస్తాన్‌కు అమెరికా ఎఫ్-104 విమానాలిచ్చింది. మనం అడిగితే ఇవ్వలేదు. 1962లో సోవియట్ యూనియన్ మిగ్-21 అమ్మడమే కాక, ఇక్కడ తయారుచేసుకునే హక్కునూ ఇచ్చింది. రూపాయల్లో చెల్లింపుకూ ఒప్పుకున్నది. పాశ్చాత్య రాజ్యాల ఒత్తిడిని కాదని చేసుకున్న ఆ ఒప్పందం ఆనాటి పరిస్థితుల్లో సరైనదేననక తప్పదు. నాసిక్‌లో విమానదేహం, కోరాపుట్‌లో ఇంజను, మన హైదరాబాదులో ఎలక్ట్రానిక్ పరికరాలు తయారుచేసే కర్మాగారాలు వెలిశాయి. బాలానగర్ పారిశ్రామికవాడ యెదుగుదలలో దానికీ పాలువున్నది. కోరాపుట్ కర్మాగారానికి భూములిచ్చి కదలిపోయినవారిలో ఆదివాసి గ్రామాలవాళ్లున్నారన్న సంగతిని కూడా ఈ ప్రగతి లెక్కలో రాసుకోవాలి.

అయితే మిత్రుడిచ్చినా లైసెన్సు లైసెన్సే. ఇచ్చిన నకషా ప్రకారం భాగాలు చేయడం ఒక విద్య. ఆ నకషా గీయడం మరొక విద్య. మొదటిది మనవాళ్లు చక్కగా నేర్చుకున్నారు. రెండవదాన్ని నేర్చుకోవలసిన అగత్యం పాలకులకు కనిపించలేదు. 1971 యుద్ధంలో మారుత్‌లు నేలమీది లక్ష్యాలపై దాడులు చేశాయి. గగనంలో జరిగిన పోరాటంలో ఒక్కటి కూడా కూలలేదు. అయినా వాటి తరువాతి తరం పుట్టలేదు. 1990 నాటికి అవి సేవనుంచి తొలగిపోయాయి. ఒక తరం రూపశిల్పుల అనుభవం మరో తరానికి అందకుండా పోయింది.

తేలికపాటి యుద్ధవిమానానికి 1983లో ఆమోదం లభించింది. దానికోసం కావేరి ఇంజను పని 1989లో మొదలయింది. 2001 జనవరి 4న విమానం ఎగిరింది. ఎగిరింది అమెరికన్ ఇంజనుతో. ఈ మధ్యలో, 1998 అణుపరీక్షల తరువాత, అమెరికాలో పనిచేస్తున్న మన ఇంజనీర్లను వెనక్కి పంపించివేశారు. 2008లో కావేరిని తేజస్ నుంచి విడదీశారు. 2021లో 83 తేజస్ విమానాలకు ఒప్పందం కుదిరింది. వాటికోసం కోరిన 99 అమెరికన్ ఇంజన్లలో మొదటిది వచ్చింది 2025 మార్చిలో. బెంగుళూరులో విమానదేహాలు ఇంజన్లకోసం యెదురుచూశాయి. అరవై యేళ్లనాటి మారుత్ కథే మళ్లీ మన కళ్లముందు జరిగింది.

కొనుగోలు పక్షంవారి చరిత్ర ఇంతకంటే గొప్పగా లేదు. 2007లో 126 విమానాలకు టెండరు పిలిచారు. 2015లో ఆ బేరం రద్దయింది. 2016లో 36 రఫేల్ విమానాలతో ముగిసింది. ఇంకొక సంగతి మరింత బాధాకరమైనది. యువచోదకులకు ఉన్నతస్థాయి శిక్షణ జెట్ విమానం అవసరమని 1982లోనే ఒక సంఘం సిఫారసు చేసింది. ఒప్పందం జరిగింది 2004లో; విమానాలు సేవలో చేరింది 2008లో. ఈ పావుశతాబ్దం కుర్రవాళ్లు తేలిక విమానాల నుంచి తిన్నగా మిగ్‌లోకి యెక్కారు. 482 మిగ్ విమానాలు ప్రమాదాలకు గురయ్యాయనీ, 171 మంది చోదకులూ 39 మంది పౌరులూ మరణించారనీ 2012లో రక్షణమంత్రి పార్లమెంటుకు చెప్పారు. ఆ మరణాలన్నిటికీ శిక్షణలోపమే కారణమని నేననను. కాని శిక్షణ విమానానికి వూరేగింపులు లేవు, పత్రికల్లో పెద్ద అక్షరాలు లేవు. అందుకే అది వెనుకబడింది.

కనుక "కొనడమా, చేసుకోవడమా" అన్న ప్రశ్నే సగం ప్రశ్న. ఇంజను యెవరి చేతిలోవుంటే నిర్ణయం వారి చేతిలో వుంటుంది. ఏ దేశపు విమానం కొన్నా, ఇంజను విద్యమీద యేటేటా తెగకుండా ఖర్చుచేయని దేశం ఇతరుల దయమీదే యెగరాలి. ఆ ఖర్చుకు పదేళ్లలో ఫలితం కనిపించదు. ఏ మంత్రి పదవీకాలంలోనూ పటాకులు పేలవు. 1960 ప్రాంతాన బ్రిటిషు ఇంజనుకు ఇవ్వక మిగుల్చుకున్న సొమ్ముకు మనం ఇప్పటికీ వడ్డీ కడుతూనేవున్నాం.

కొత్త విమానాల జాబితా ప్రకటించినప్పుడల్లా మనం అడగవలసినవి రెండే: దీని ఇంజను యెవరిది? దీన్ని నడపబోయే కుర్రవాడికి శిక్షణ యెక్కడ? ఈ రెండింటికీ జవాబు లేని నవీకరణ పాత విమానానికి కొత్త రంగు పూయడమే అవుతుంది.